ఒక్కోసారంటే ఏ సారి?

మా కారు డ్యాష్‌బోర్డ్ మీద ఒక తాబేలు ఉండేది. నిజానికి అది ఇంజన్ బొమ్మ. పసుపు రంగులో వెలిగే చెక్ ఇంజన్ లైటు. మా నాన్నమ్మకి మొదటిసారి చూసినప్పుడే అది తాబేలులా కనిపించింది. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ తాబేలే. పేరు బాగానే కుదిరింది. అది ఎప్పుడు తల బయట పెడుతుందో, ఎప్పుడు లోపలికి లాక్కుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. మూడు రోజులు ఉంటుంది, పది రోజులు ఉండదు. మళ్లీ ఏ శుక్రవారం పొద్దున్నో ప్రత్యక్షం.

మన క్లబ్ గ్రూప్‌లో వ్యాసాలు అడిగినప్పుడు నేను కారు లైటు గురించి రాస్తానంటే నవ్వారు. నవ్వండి, పర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. లైటు ఆర్పడం రిపేరు కాదు. వచ్చి పోయే లోపాన్ని పట్టుకోవాలంటే ‘ఏంటి’ అని అడిగే ముందు ‘ఎప్పుడు’ అని అడగాలి. కంప్యూటర్ సైన్స్ చదివే మనం ఈ విషయంలో అందరికంటే ముందుండాలి, కానీ అందరికంటే ఎక్కువ తప్పు చేసేది మనమే. నేనూ చేశాను. అది కూడా దాచకుండా రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కాబట్టి ఒత్తులు ఎక్కడైనా తప్పితే క్షమించండి.

ముందు బండి సంగతి. 2013 చివర్లో హైదరాబాద్‌లో రిజిస్టరైన పెట్రోల్ కారు, ఏపీ 09 నంబరు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కొట్టులో గుమస్తా. డిక్కీలో ఎప్పుడూ ఒకటో రెండో బెల్లం దిమ్మలు ఉంటాయి కాబట్టి, తాబేలు మొదటిసారి వెలగగానే మా వీధిలో అందరూ ఒకే మాట అన్నారు: “ఎలకలు వైర్లు కొరికేసుంటాయి.” బానెట్ ఎత్తి చూశాం. ఎలక లేదు, కొరికిన గుర్తూ లేదు. మర్నాటికి లైటూ లేదు. “పోయింది కదా, ఇంకేటి?” అన్నారు నాన్న.

అది పోలేదు. మళ్లీ వచ్చింది. ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాం. వాళ్లు మిషన్ పెట్టి పి 0118 అని కోడ్ వచ్చిందన్నారు, ఇంజన్ వేడిని కొలిచే సెన్సార్ మార్చారు, 1,150 రూపాయలు తీసుకున్నారు. పన్నెండు రోజులు బాగానే ఉంది. పదమూడో రోజు తాబేలు. ఇంకో వర్క్‌షాప్‌కి వెళ్లేసరికి లైటు ఆరిపోయి ఉంది. “ఇప్పుడు లేదు కదా సార్, వచ్చినప్పుడు తీసుకురండి” అన్నారు. వచ్చినప్పుడు తీసుకెళ్తే మళ్లీ అదే కోడ్, మళ్లీ అదే సెన్సార్, ఇంకో 1,500. మూడోసారి వెళ్తే ఈసారి కంప్యూటర్ బాక్సే పోయి ఉండొచ్చు, 14 వేలు అవుతుందన్నారు. నాన్న ఆ రాత్రే నిర్ణయించేసుకున్నారు. బండి అమ్మేద్దాం.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. ఆన్‌లైన్‌లో ఆరు వందలకి ఒక బ్లూటూత్ రీడర్ కొన్నా. స్టీరింగ్ కింద పదహారు రంధ్రాల సాకెట్ ఒకటి ఉంటుంది, దాన్ని ఓబీడీ పోర్ట్ అంటారు. రీడర్ దానికి గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే ఎర్ర అక్షరాల్లో పి 0118. దాని కింద పెద్ద బటన్, క్లియర్. నొక్కా. తాబేలు మాయం. “ఇంజనీరింగ్ చదివించినందుకు ఇవాళ ఒక పనికొచ్చావమ్మా” అన్నారు నాన్న. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది.

ఆ నొక్కింది శనివారం రాత్రి. ఆదివారం పొద్దున్న చోడవరం వైపు నుంచి ఒక చెరకు రైతు బండి చూడ్డానికి వచ్చారు. మార్కెట్ ద్వారా నాన్నకి తెలిసినాయనే. పెద్దావిడని ఆసుపత్రికి తిప్పడానికి, పిల్లలని స్కూలుకి దింపడానికి కావాలన్నారు. అదే వాళ్ల మొదటి కారు. లక్షా 75 వేలకి మాట కుదిరింది, పది వేలు అడ్వాన్స్ ఇచ్చారు, వచ్చే ఆదివారం బండి తీసుకెళ్తామన్నారు. డ్యాష్‌బోర్డ్ శుభ్రంగా ఉంది. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

బుధవారం నాన్నమ్మని కంటి పరీక్షకి విశాఖపట్నం తీసుకెళ్లి వస్తున్నాం. లంకెలపాలెం దగ్గర ట్రాఫిక్‌లో ఆగి, మళ్లీ ఫస్ట్ గేర్‌లో కదిలేసరికి ఇంజన్ ఒక్కసారి వణికి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు. లోపలంతా పెట్రోలు వాసన. వెనక లారీలు. ఆ హైవే మీద లారీ హారన్ కారు లోపల కూర్చుని వింటే ఎలా ఉంటుందో మన కాలేజీ బస్సులో వెళ్లేవాళ్లకి తెలీదు. ఇద్దరు ఆటోవాళ్లు దిగి పక్కకి తోశారు. పావుగంట తర్వాత స్టార్ట్ అయింది, తాబేలుతో సహా. దారంతా ఎవరూ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక నాన్నమ్మ ఒకే మాట అంది: “ఆ కొనుక్కునేవోళ్లమ్మ కూడా ఇలాగే కూకుంటాదేటే?”

ఆ రాత్రి నాకు అర్థమైంది నేనేం చేశానో. నేను రిపేరు చేయలేదు. సాక్ష్యం చెరిపేశాను.

ఈ మాట ఊరికే అనట్లేదు. కారు కంప్యూటర్ ఒక కోడ్ నమోదు చేసినప్పుడు ఆ క్షణంలో బండి ఎలా ఉందో కూడా దాచుకుంటుంది. ఎంత వేగం, ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఇలాంటివన్నీ. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. ప్రమాదం జరిగిన చోట తీసిన ఫోటో లాంటిది. క్లియర్ నొక్కితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. నేను శనివారం నొక్కినప్పుడు ఆ ఫోటో చూడను కూడా చూడలేదు. బుధవారం రాత్రి మాత్రం క్లియర్ జోలికి పోకుండా ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచా. వేగం గంటకి 6 కిలోమీటర్లు. బయట నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి 36 డిగ్రీలు. ఇంజన్ చల్లబరిచే నీటి వేడి మైనస్ 40.

అనకాపల్లి జిల్లాలో, జూలైలో, మధ్యాహ్నం పూట, విశాఖ నుంచి నడుచుకుంటూ వచ్చిన ఇంజన్ మైనస్ 40 డిగ్రీలట!

మన వాళ్లకి ఇది సరదాగా ఉంటుంది కాబట్టి కొంచెం వివరిస్తా. ఓబీడీలో ఈ వేడిని ఒకే ఒక్క బైట్‌లో పంపుతారు. 0 నుంచి 255 వరకు. దానిలోంచి 40 తీసేస్తే డిగ్రీలు. అంటే సున్నా వస్తే మైనస్ 40. అది చలి కాదు, కొలత అడుగు అంటడం. ఇంక సెన్సార్ సంగతి. అది వేడెక్కేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే చిన్న ముక్క. మామూలుగా 20 డిగ్రీల దగ్గర సుమారు రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు మూడు వందలు. నిరోధం ఎంత ఎక్కువైతే కంప్యూటర్‌కి అంత చలి. మరి తీగ తెగిపోతే? నిరోధానికి అంతే ఉండదు. కంప్యూటర్‌కి అది హిమాలయాలకంటే చలి. పాపం అది వెంటనే చల్లటి ఇంజన్‌కి పోసినట్టు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడి ఇంజన్‌కి అంత పెట్రోలు ఎందుకు? అందుకే వణుకు, వాసన, ఆగిపోవడం.

పి 0118 అనే కోడ్‌కి అర్థం కూడా అప్పుడే సరిగ్గా చదివా. అది ‘సెన్సార్ పోయింది’ అని చెప్పట్లేదు. ‘ఆ సెన్సార్ ఉన్న సర్క్యూట్‌లో వోల్టేజ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంది’ అని చెబుతోంది. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు. దాని కనెక్టర్ ఉంది, తీగలు ఉన్నాయి, అవతల కంప్యూటర్ ఉంది. కోడ్ మనకి వీధి పేరు చెప్పింది. మేం ఆ వీధిలో మొదటి ఇంటి తలుపు రెండుసార్లు బద్దలుకొట్టాం.

గురువారం సాయంత్రం బైపాస్ పక్కన రేకుల షెడ్డులో కార్ల వైరింగ్ పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాం. నేను ఫోన్ పట్టుకుని దిగి “బాబాయ్, పి 0118, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో మైనస్ 40” అని మొదలెట్టా. ఆయన చేతులు తుడుచుకుంటూ అన్నారు: “అది తర్వాత సూద్దారమ్మా. ఎప్పుడొస్తంది?”

“ఒక్కోసారి వస్తోంది.”

“ఒక్కోసారంటే ఏ సారి?”

నా దగ్గర జవాబు లేదు. నాన్న దగ్గరా లేదు. నెలన్నరగా ఆ లైటుతో కాపురం చేస్తున్నాం, కానీ వానలోనా, ఎండలోనా, ఏసీ వేసినప్పుడా, గతుకుల్లోనా, పొద్దున్నా, రాత్రా, ఏదీ చెప్పలేకపోయాం. నాన్న గుర్తుచేసుకుని “శుక్రవారాలు ఎక్కువ వస్తన్నట్టుంది” అన్నారు. పెద్దాయన నవ్వి ఇంకో ప్రశ్న వేశారు: “లైటు సంగతొగ్గేయండి. ముందర ఫ్యాను సప్పుడేటి? బండి సల్లగా ఉన్నప్పుడు కూడా తిరగతందా?”

అవును! పొద్దున్న వీధిలోంచి బండి తీస్తుంటేనే ఫ్యాన్ గట్టిగా తిరిగిన రోజులున్నాయి. మేం అది మామూలే అనుకున్నాం. ఆయన చెప్పిందేమిటంటే, మా బండి లాంటి వాటిలో వేడి ఎంతో తెలియనప్పుడు కంప్యూటర్ భయపడి ఎందుకైనా మంచిదని ఫ్యాన్ తిప్పేస్తుంది. లైటు ఆలస్యంగా వస్తుంది, ఫ్యాన్ అప్పటికప్పుడు వస్తుంది. “రెండ్రోజులు ఫ్యానుకి సెవొగ్గి రాసుకురా తల్లీ” అన్నారు.

ఇంటికొచ్చి చదివాక ఆయన మాట ఎంత నిజమో తెలిసింది. చాలా రకాల లోపాలకి కంప్యూటర్ మొదటిసారి చూడగానే లైటు వెలిగించదు. పెండింగ్ అని లోపల రాసుకుంటుంది. తర్వాతి ప్రయాణంలో కూడా కనిపిస్తేనే లైటు. అలాగే లోపం కనబడకుండా వరసగా మూడు ప్రయాణాలు జరిగితే తనే ఆర్పేస్తుంది. కోడ్ మాత్రం ఇంజన్ సుమారు నలభైసార్లు వేడెక్కి చల్లారేదాకా లోపల ఉంటుంది. అంటే తాబేలు వెలిగిన రోజు లోపం వచ్చిన రోజు కాకపోవచ్చు, ఆరిన రోజు లోపం పోయిన రోజు అసలే కాదు. నెలన్నరగా మేం చూస్తున్నది లోపాన్ని కాదు, దాని గురించి రెండ్రోజులు ఆలస్యంగా వచ్చే పేపరుని. ‘శుక్రవారం’ సిద్ధాంతం అలా పుట్టిందే.

శుక్రవారం, శనివారం నాన్న పక్కన కూర్చుని లాంగ్ నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాశా. టైము, చోటు, వాన, ఏసీ, గేరు, ఇంజన్ చల్లగానా వేడిగానా, ఫ్యాన్, ఫోన్‌లో కనిపించే డిగ్రీలు. రెండ్రోజుల్లో ఏడు సార్లు దొరికింది. రివర్స్‌లో సందులోంచి తీసినప్పుడు రెండు. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు మూడు. ఆగి ఫస్ట్ గేర్‌లో కదిలినప్పుడు రెండు. బైపాస్ మీద ఎనభైలో సాఫీగా వెళ్తున్నప్పుడు సున్నా. వానకి సంబంధం లేదు, ఏసీకి లేదు, శుక్రవారానికి అస్సలు లేదు. ఆ ఏడింటిలో ఒకటే ఉమ్మడి. ఇంజన్ తన దిమ్మల మీద ముందుకో వెనక్కో ఊగిన క్షణం.

శనివారం సాయంత్రం పెద్దాయన నోట్‌బుక్ తీసుకున్నారు. నేను రాసింది ఇంగ్లిష్‌లో. “సదివి చెప్పమ్మా” అన్నారు. చెప్పా. నాలుగోది చెప్పేసరికే ఆయన చెయ్యి బానెట్ లోపల ఉంది. ఇంజన్ నడుస్తోంది, నేను ఫోన్ చూస్తున్నా. 88, 88, 89. ఆయన తీగల కట్టని ఒక్కో జానెడు దగ్గర పట్టుకుని మెల్లగా కదుపుతున్నారు. 89, 89. సెన్సార్ కనెక్టర్‌కి రెండు వేళ్ల దూరంలో పట్టుకోగానే మైనస్ 40, ఫ్యాన్ హోరుమంది. వదిలితే 89. పట్టుకుంటే మైనస్ 40. నాకు ఒళ్లు జలదరించింది. ఆయన తీగ చివర పట్టుకుని కొంచెం లాగారు. ఆ ఒక్క చోట పైతొడుగు రబ్బరులా సాగింది. “లోన రాగి తెగిపోనాది, పైతొడుగు బాగుంది. అందికే కంటికి అవుపడదు” అన్నారు. ఆ తీగల కట్టని పట్టి ఉంచాల్సిన క్లిప్ లేదు. ఎప్పుడో ఎవరో వేరే పని చేసి తిరిగి బిగించలేదు. ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ తీగ ఒకే చోట వంగి వంగి తెగింది. తెగిన కొసలు మామూలుగా తాకుతూనే ఉంటాయి. ఊగినప్పుడు విడిపోతాయి.

కొత్త తీగ ముక్క వేసి, టంకం పెట్టి, పైన గొట్టం వేడిచేసి బిగించి, తీగల కట్టకి క్లిప్ పెట్టారు. మొత్తం 400. అందులో “సామానుకి 60, ఎతికిందానికి 340” అన్నారు. మా నాన్న ఆ 340 దగ్గర బేరం మొదలెట్టారు!

నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ క్షణంలోనే. అంతకుముందు రెండు సెన్సార్లకి 2,650 ఇచ్చినప్పుడు నాన్న ఒక్క మాట అనలేదు. ఎందుకంటే చేతికి ఒక పార్టు వచ్చింది, పాతది కవర్లో పెట్టి ఇచ్చారు. వెతికినందుకు డబ్బులంటే మాత్రం మోసంలా అనిపించింది. ఇది మా నాన్న ఒక్కరి తప్పు కాదు. మనం అందరం పార్టుకే డబ్బిస్తాం, వెతకడానికి ఇవ్వం. అలాంటప్పుడు వర్క్‌షాప్‌లో కుర్రాడు ఒక గంట కూర్చుని తీగలు కదిపి ఎందుకు చూస్తాడు? ఆ గంటకి వాడికి రూపాయి రాదు. పార్టు మారిస్తే వస్తుంది. మనం దేనికి డబ్బిస్తే అదే దొరుకుతుంది. పార్టులు దొరికాయి మాకు.

ఒక మాట ఒప్పుకోవాలి. ‘పాత బండికి ఇంత పరిశోధన అవసరమా, ఆర్పేసి నడిపితే పోలా?’ అని మా క్లాస్‌లోనే ఒకరన్నారు. నిజమే, ఆ లైటు వెలిగిన ప్రతిసారీ బండి ఆగిపోదు. అసలు ఆ లైటు పుట్టింది డ్రైవర్ కోసం కాదు, గాలి కోసం. కాలిఫోర్నియాలో కాలుష్యం తగ్గించడానికి 1988 మోడల్ కార్ల నుంచి ఇలాంటి స్వీయ పరీక్ష పెట్టమన్నారు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ 2 తప్పనిసరి అయింది. మన దగ్గర భారత్ స్టేజ్ 4 నిబంధనలతో వచ్చింది. అవి 2010 ఏప్రిల్‌లో ముందు హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో మొదలై 2017 ఏప్రిల్‌కి దేశమంతా వచ్చాయి. మా బండి హైదరాబాద్‌ది కాబట్టే నా ఆరు వందల రీడర్‌తో మాట్లాడింది. మీ ఇంట్లో అంతకంటే పాతదో, స్టేజ్ 3 బండో ఉంటే మాట్లాడకపోవచ్చు, ముందే చూసుకుని కొనండి.

కాలిఫోర్నియాలో 2000 తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకి పొగ పరీక్ష అంటే ఆ పోర్ట్‌కి గుచ్చి చూడటమే. లైటు వెలుగుతుంటే ఫెయిల్. తెలివిగా వచ్చేముందు క్లియర్ చేస్తే, ‘ఈ బండి స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదు’ అని అదే చెప్పేస్తుంది, మళ్లీ రమ్మంటారు. మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కి పొగ గొట్టంలో గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. డ్యాష్‌బోర్డ్ వైపు చూడరు. కాబట్టి మన దగ్గర ఆ లైటుకి కాపలా ఎవరూ లేరు, మనం తప్ప.

ఇంకో విషయం, ఇది అభిప్రాయం కాదు, జాగ్రత్త. లైటు నిలకడగా వెలిగితే నిదానంగా నడుపుకుంటూ వెళ్లి చూపించుకోవచ్చు. కొట్టుకుంటూ వెలుగుతుంటే మాత్రం ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా మండట్లేదని, మండని పెట్రోలు పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తోందని అర్థం. అప్పుడు పక్కకి ఆపడమే. ఎర్రటి ఆయిల్ లైటు, వేడి లైటు వేరు. అవి వస్తే ఇంజన్ వెంటనే కట్టేయాలి.

మళ్లీ మన సంగతికి వద్దాం. క్లియర్ బటన్ చెడ్డది కాదు. రిపేరు అయ్యాక, మళ్లీ వస్తుందా లేదా చూడ్డానికి అది కావాల్సిందే. చదవకుండా ముందే నొక్కడం చెడ్డది. మనం రాసే ప్రోగ్రాముల్లో ఇది రోజూ చేస్తాం. ఎర్రర్ వస్తోందా, ట్రై పెట్టు, ఎక్సెప్ట్‌లో పాస్ రాయి, డెమోలో ఏమీ కనిపించదు. ఫ్రెండ్ వచ్చి ‘నీ యాప్ ఒక్కోసారి హ్యాంగ్ అవుతోంది’ అంటే ‘నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది’ అంటాం. మీరు తీసుకొచ్చినప్పుడు లైటు లేదు కదా సార్ అన్నట్టే! తేడా ఏమీ లేదు.

దీని ఖరీదు ఎంత వరకు వెళ్తుందో మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో చెప్పే థెరాక్ 25 కథ గుర్తుందా? క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో ఆరు ప్రమాదాలు జరిగాయి. రోగులకి పడాల్సినదానికంటే ఎన్నో రెట్లు రేడియేషన్ పడింది, కొందరు చనిపోయారు. టెక్సాస్‌లో ప్రమాదం జరిగినప్పుడు స్క్రీన్ మీద వచ్చింది ‘మాల్‌ఫంక్షన్ 54’ అని ఒక అంకె మాత్రమే. ఆ యంత్రం తరచూ అలాంటి ఎర్రర్లు చూపించేది. పి అక్షరం నొక్కితే ముందుకెళ్లేది. ఆపరేటర్లకి పి నొక్కడం అలవాటైపోయింది. తయారుచేసినవాళ్లు వచ్చి చూస్తే లోపం కనబడలేదు. చివరికి పట్టుకున్నది ఆ ఆసుపత్రిలోని భౌతిక శాస్త్ర నిపుణుడు, ఆ ఆపరేటర్ కలిసి. ఆమె ఆ రోజు ఏయే మీటలు ఏ క్రమంలో నొక్కిందో గుర్తుచేసుకుని మళ్లీ మళ్లీ చేసి చూశారు. వివరాలు మార్చి చాలా వేగంగా టైప్ చేస్తేనే లోపం వస్తోంది. నిదానంగా చేసేవాళ్లకి ఎన్నటికీ రాదు. ‘ఒక్కోసారి’ అనుకున్నదానికి ఒక ‘ఏ సారి’ ఉంది.

నాకు తెలిసింది ఇంతే. ‘ఒక్కోసారి’ అనేది లోపానికి ఉన్న గుణం కాదు, మనం సరిగ్గా గమనించలేదనడానికి ఇంకో పేరు. కోడ్ చదవడానికి మిషన్ ఉంది, నాలాంటివాళ్లు ఉన్నారు. ఎప్పుడు వచ్చిందో చెప్పగలిగేది బండిలో కూర్చున్నవాళ్లే. కాబట్టి లైటు రాగానే ఒక ఫోటో తీయండి. టైము, చోటు, వాన, ఏసీ, గేరు, చప్పుడు, వాసన రాయండి. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాతే ఎవరినైనా ఏదైనా మార్చనివ్వండి. వెతికినందుకు అడిగితే డబ్బులివ్వండి.

శనివారం రాత్రి నాన్నతో చెప్పా, చోడవరం ఆయనకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పమని. “బాగైపోయింది కదా, ఇప్పుడెందుకు?” అన్నారు. బాగైందో లేదో మనకి రెండు గంటల అనుభవమే ఉంది అన్నా. కాసేపు గొడవైంది. నాన్నమ్మ నా వైపు ఉంది. నాన్న ఫోన్ చేశారు. నేను క్లియర్ నొక్కిన సంగతి నాన్న చెప్పకుండా వదిలేయబోతే నేనే ఫోన్ తీసుకుని చెప్పా. అవతల కొంచెంసేపు మాట లేదు. తర్వాత “రేపొచ్చి సూస్తాను” అన్నారు. ఆదివారం వచ్చి, తెగిన తీగ ముక్క చేతిలో పెట్టుకుని చూసి, నోట్‌బుక్ తిరగేసి, ఐదు వేలు తగ్గించమన్నారు. నాన్న తగ్గించారు. మంగళవారం వరకు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నోట్‌బుక్ కూడా బండితో పాటే ఆయనకి ఇచ్చేశా. రెండు నెలలయ్యాక నాన్న వాట్సాప్‌కి ఒక ఫోటో వచ్చింది. అదే లాంగ్ నోట్‌బుక్, నా గళ్ల కిందే తెలుగులో నీట్‌గా రాసి ఉంది. తాబేలు రాలేదట. కానీ ముందు ఎడమ చక్రం దగ్గర ఏదో కీచుమంటోందట. పొద్దున్న పూట, రివర్స్‌లో, వాన పడ్డ మర్నాడు, మొదటి రెండు బ్రేకులకే. నాలుగు సార్లు తేదీలతో సహా రాశారు. కింద ఒక లైను: “పాపని అడగండి, ఇది దేనివల్ల?”